శంషాబాద్ నుంచి డాలస్ దాకా: ఇంటి గడియారం లెక్కన

2025 అక్టోబర్ 8, రాత్రి 11: శంషాబాద్ వాకిలి

విమానం తెల్లవారుజామున 3.30కి. అంటే టికెట్ మీద తేదీ 9. ఇక్కడే కొందరు బోల్తా పడతారు. 9వ తారీఖు రాత్రి తాపీగా భోంచేసి బయల్దేరతారు, విమానం ఎప్పుడో పొద్దునే పోయిందని కౌంటర్ దగ్గర తెలుసుకుంటారు. అర్ధరాత్రి దాటాక ఉండే ఏ విమానానికైనా ముందురోజు రాత్రే ఇల్లు కదలాలి.

మెహిదీపట్నంలో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్ల పైచిలుకు వంతెన మీదే ప్రయాణం. అక్కణ్ణుంచి విమానాశ్రయం దగ్గరే. లోపలికి టికెట్ ఉన్నవాళ్లనే పంపుతారు కాబట్టి కాళ్లకు దణ్ణాలు, కళ్లు తుడుచుకోవడాలు, ఆఖరి సర్దుళ్లు అన్నీ గాజు తలుపుల బయటే జరిగిపోతాయి. ఒక్కరు ఎక్కుతుంటే పదిమంది సాగనంపుతారు. రాత్రి పదకొండుకి ఆ వాకిలి తిరునాళ్లలా ఉంటుంది.

నేల మీద సూట్‌కేసు తెరిచి కూర్చున్న ఒక పెద్దావిడ. చేతి త్రాసు 24.6 చూపిస్తోంది, పెట్టెకు 23 కిలోలే పరిమితి. ఆవిడ ముందుగా తీసింది తన చీర, తర్వాత ఇంకో చీర, ఆ తర్వాత చెప్పులు. ఆవకాయ జోలికి మాత్రం పోలేదు. కొడుకు "అమ్మా, అక్కడ దొరుకుతుందే ఇదంతా" అంటుంటే వినిపించుకోనట్టే ఉంది.

ఏది ఎందులో పెట్టాలో ఇంటి దగ్గరే తేల్చుకుంటే ఈ పాట్లు సగం తగ్గుతాయి. కారప్పొడి, కందిపొడి, సున్నిపిండి వంటివి పెద్ద పెట్టెలోకే పోవాలి. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్ల కొలత దాటిన పొడి చేతిసంచిలో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు, అనుమానం తీరకపోతే అక్కడే వదిలేయాల్సి వస్తుంది. నెయ్యి, పచ్చడి చేతిసంచిలో పెడితే ద్రవపదార్థాల కింద లెక్క, వంద మిల్లీలీటర్లు దాటకూడదు. ఎండుకొబ్బరి చిప్పలు అసలు వద్దు. నూనె ఎక్కువై దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుగా విమానయాన నిబంధనలు దాన్ని ప్రమాదకర వస్తువుల్లో చేర్చాయి. పవర్‌బ్యాంకు మాత్రం దీనికి ఉల్టా: చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో ఉండకూడదు. ఇక చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, పచ్చి కరివేపాకు అమెరికా గడప దాటవు. కరివేపాకు మీద అంత పగ దేనికంటే, అది నిమ్మ, నారింజల కుటుంబంలో మొక్క. ఆ తోటల్ని చంపే తెగులును మోసే పురుగు దాని ఆకుల మీద బతుకుతుంది.

పచ్చడి సీసాల్లో పోయకండి. మందపాటి కవర్లో పోసి వేడితో అతికించి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, పైకి తేలే నూనె కొంత ముందే వంపేయాలి. పైన గాలి పీడనం తగ్గేసరికి కవరు ఉబ్బుతుంది. నిండా పోసినదే పగులుతుంది, కాస్త ఖాళీ వదిలినదానికి ఏమీ కాదు.

అక్టోబర్ 9, తెల్లవారుజాము: మొదటి 2,900 కిలోమీటర్లు

హైదరాబాద్‌కీ డాలస్‌కీ మధ్య దూరమెంత అంటే రెండు జవాబులున్నాయి. గ్లోబు మీద దారం బిగించి లాగితే సుమారు 14,400 కిలోమీటర్లు. రెండు ఊళ్ల రేఖాంశాలకు మధ్య 175 డిగ్రీల తేడా, అంటే భూమికి ఇటొకటి అటొకటి. అందుకే ఆ దారం పడమరకూ పోదు, తూర్పుకూ పోదు. నిట్టనిలువుగా ఉత్తరానికి పోయి, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల చేరువలో మళ్లి, కెనడా మీదుగా టెక్సాస్‌లోకి దిగుతుంది. ఆ దారిన రెండూళ్ల మధ్య ఆగకుండా పోయే సర్వీసు లేదు. దగ్గరగా వచ్చిన ప్రయత్నం 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మొదలుపెట్టిన హైదరాబాద్–షికాగో విమానం. అది సుమారు 13,300 కిలోమీటర్లు. ఇప్పుడది లేదు.

రెండో జవాబు, మనుషులు నిజంగా తిరిగే దూరం. దోహా మీదుగా అయితే 2,900, ఆపైన 12,750, మొత్తం 15,650. దుబాయ్ మీదుగా అయితే 15,500కి కాస్త అటూఇటూ. దారం దూరం కంటే ఎక్కువయ్యేది వెయ్యి, పన్నెండు వందల కిలోమీటర్లే. కాబట్టి గల్ఫ్ మీదుగా పోవడం చుట్టుతిరుగుడు అని బాధపడక్కర్లేదు, గట్టిగా గంటన్నర తేడా.

దోహా దాకా నాలుగున్నర గంటలు. ఈ విమానంలో రెండు లోకాలు పక్కపక్క సీట్లలో కూర్చుంటాయి. ఒకరు అమెరికాలో పిల్లల దగ్గరికి పోయే అమ్మానాన్నలు, ఇంకొకరు జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి కొలువుకు పోయేవాళ్లు. బెల్టు బిగించుకుంటూ ముప్ఫై ఏళ్ల మనిషి పక్కనున్న పెద్దాయన్ని పలకరించాడు.

"కాకా, మీరు యాడికి?"

"డాలస్. కొడుకు దగ్గరికి."

"ఎన్ని గంటల తొవ్వ?"

"దోహా దిగినంక ఇంకా పదహారు."

"మాకు నాలుగు గంటలే. ఇంటికొచ్చుడు మాత్రం రెండేండ్లకొక్కపారి."

పెద్దాయన ఏమీ అనలేదు. కాసేపాగి ఇంటి నుంచి తెచ్చుకున్న సకినాల పొట్లం విప్పి అతని ముందుకు జరిపాడు.

దోహా, తెల్లవారు 5.30: గుంపు వెనక పోతే

దోహా హమద్ విమానాశ్రయంలో తెలుగువాళ్లు చేసే పొరపాటు ఒకటే. దిగాక ముందున్నవాళ్ల వెనక నడుస్తారు. ఊళ్లో అయితే అది మంచి పద్ధతే. ఇక్కడ మాత్రం ముందున్నవాళ్లలో చాలామంది ఖతర్‌లోనే దిగిపోయేవాళ్లు. వాళ్లు ‘అరైవల్స్’ వైపు మళ్లుతారు, మీరు పోవాల్సింది ‘ట్రాన్స్‌ఫర్స్’ వైపు. ఇమిగ్రేషన్ వరుసలో అరగంట నిలబడ్డాక పాస్‌పోర్టు చూసిన ఉద్యోగి చేత్తో వెనక్కి చూపిస్తే, అదంతా తిరిగి నడవాలి. పెట్టెల గురించి ఇక్కడ ఆలోచించొద్దు. శంషాబాద్‌లో వేసినవి డాలస్‌లోనే కనిపిస్తాయి. పెట్టెకు కట్టిన చీటీ మీద డాలస్ విమానాశ్రయం గుర్తు ‘డీఎఫ్‌డబ్ల్యూ’ అక్షరాలు ఉన్నాయో లేదో శంషాబాద్ కౌంటర్ దగ్గరే చూసుకోవాలి.

నట్టనడుమ దీపం నెత్తిన పెట్టుకున్న పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంది, ఏడు మీటర్ల ఎత్తు. తప్పిపోయినవాళ్లు కలుసుకునే చోటు అదే. "బొమ్మ దగ్గరున్నా, రండి" అని తెలుగులో ఫోను వినిపించని పూట ఉండదు. కాఫీకి 20 రియాళ్లు అడిగితే మన డబ్బుల్లో 480 రూపాయల పైమాట. మంచినీళ్ల కుళాయిలు ఊరికే ఉన్నాయి, ఖాళీ సీసా దగ్గరుంచుకుంటే చాలు.

మూడు గంటల వ్యవధి చాలనిపిస్తుంది గానీ, అమెరికా విమానానికి గేటు దగ్గర ఇంకో తనిఖీ ఉంటుంది. సంచులు మళ్లీ విప్పిస్తారు, ప్రశ్నలు అడుగుతారు. విమానానికి గంటన్నర ముందే గేటు దగ్గరుండాలి. గంటన్నర వ్యవధితో కలిపిన టికెట్లు అమ్ముతారు, చవకగానే వస్తాయి. పెద్దవాళ్లకు అలాంటివి తీయొద్దు. హైదరాబాద్ విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే ఇక ఆ రోజు దోహాలోనే.

ఆకాశం మూసుకుపోయే రోజులూ ఉంటాయి. 2025 జూన్ 23న ఖతర్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది, దారిలో ఉన్న విమానాలు ఎక్కడెక్కడో దిగాయి. రెండు రోజులకు సరిపడా మందులు చేతిసంచిలో ఉండాలనడం అందుకే.

అదే రోజు, 8.30 నుంచి: పదహారు గంటల పగలు

ఇక అసలు దూరం. 12,750 కిలోమీటర్లు, పదహారు గంటలు. ఇరాక్, తుర్కియే, యూరప్, నార్వే వైపు సముద్రం, గ్రీన్‌లాండ్ దక్షిణపు కొస, కెనడా. ఇది ఒక లెక్కన చెప్పిన దారి మాత్రమే. గాలినిబట్టి, యుద్ధాలనిబట్టి ఏ రోజు దారి ఆ రోజుదే. ఉక్రెయిన్ మీద 2022 ఫిబ్రవరి నుంచి పౌరవిమానాలు తిరగడం లేదు, దానికి పక్కనుంచి ఒంపు తిరిగి పోవాలి.

ఈ దారిలో సూర్యుడు చేసే తమాషా చూడాలంటే ఎడమవైపు కిటికీ కావాలి. హైదరాబాద్ దగ్గర భూమి గంటకు 1,600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది, విమానం దాన్ని అందుకోలేదు. 60 డిగ్రీల అక్షాంశం దాటాక ఆ వేగం 835కి పడిపోతుంది, గ్రీన్‌లాండ్ దగ్గర ఇంకా తక్కువ. అక్కడ విమానం నేరుగా పడమరకే పోతుంది, గంటకు ఎనిమిది వందల పైన. కాబట్టి సూర్యుడు కదలడం మానేస్తాడు, కాసేపు వెనక్కి కూడా జరుగుతాడు. పొద్దున ఎనిమిదిన్నరకు ఎక్కినవాళ్లు మూడు పూటలు తిని, రెండు కునుకులు తీసి చూసినా బయట పగలే. సిబ్బంది కిటికీలు మూయించి చీకటి చేస్తారు, లేకపోతే ఎవరికీ నిద్ర పట్టదు. గ్రీన్‌లాండ్ మంచు, పగిలిన సముద్రపు గడ్డలు కుడివైపు వాళ్లకు బాగా కనిపిస్తాయి. మూత నాలుగు వేళ్ల ఎత్తు లేపితే చాలు, వెలుగు కత్తిలా పడుతుంది.

తిండి దగ్గర ఒక పెద్ద మోసం ఉంది, ఎవరూ కావాలని చేసేది కాదు. టికెట్‌లో భోజనం ఎంచుకునే చోట ‘హిందూ మీల్’ అని కనబడగానే శాకాహారులు అదే నొక్కుతారు. అది మాంసాహారం! గొడ్డుమాంసం ఉండదు, అంతే. కోడి, మేక, చేప రావచ్చు. మన శాకాహార భోజనానికి ‘ఏషియన్ వెజిటేరియన్’ అని ఉంటుంది, గుర్తు ఏవీఎంఎల్. ‘వీజీఎంఎల్’ అంటే పాలు, పెరుగు కూడా లేనిది, ఉడకబెట్టిన కూరగాయలు, ఉప్పుకారం లేని బఠాణీలు. ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లకు జైన భోజనం, వీజేఎంఎల్. కనీసం 24 గంటల ముందు చెప్పాలి, రెండు విమానాలకూ విడివిడిగా నమోదైందో లేదో చూసుకోవాలి. ప్రత్యేక భోజనం అందరికంటే ముందే వస్తుంది. పక్కవాళ్లు చూస్తుండగా మొదట తినడం మనవాళ్లకు మొహమాటం. "మీరూ రానివ్వండి, కలిసి తిందాం" అని మూత పెట్టి కూర్చున్నవాళ్లున్నారు.

ఇంటి నుంచి పులిహోర తెచ్చుకున్నవాళ్లది రాజభోగం. చింతపండు పులిహోర పన్నెండు గంటలు నిలుస్తుంది, పెరుగన్నం నిలవదు. ఆలోపు తినేయాలి, మిగిలితే విమానంలోనే వదిలేయాలి.

బోయింగ్ 777-300ఈఆర్ రకం విమానం ట్యాంకులు నిండితే 1,81,283 లీటర్లు. మన రోడ్ల మీద తిరిగే 20,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. హైదరాబాద్ నుంచి ఒకే గెంతుకు ఎందుకు పోరన్నదానికి సగం సమాధానం ఇందులోనే ఉంది. దూరం పెరిగేకొద్దీ ఇంధనాన్ని మోయడానికే ఇంధనం ఖర్చవుతుంది, మనుషుల్నీ సరుకునీ తగ్గించుకోవాలి. మిగతా సగం ధ్రువం దగ్గరి చలి. విమాన ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అమెరికాలో నింపే రకమైతే మైనస్ 40కే. ట్యాంకు అంత చల్లబడుతుంటే పైలట్లు కిందికి దిగడమో, వేగం పెంచడమో చేయాలి. దారిలో దిగడానికి విమానాశ్రయాలు కూడా అక్కడ వేళ్ల మీద లెక్కే.

పదహారు గంటల్లో ఒంటికి జరిగేది చెప్పుకోదగ్గదే. లోపలి గాలి ఎనిమిది వేల అడుగుల కొండ మీది గాలంత పలచన దాకా పోవచ్చు, ఎయిర్‌బస్ ఏ350 రకం విమానంలో ఆరు వేల అడుగులకు మించదు. తేమ బాగా తక్కువ. పెదాలు, ముక్కు ఎండిపోతాయి, పాదాలు వాచి బూట్లు పట్టవు. అందుకే అంచు సీటు అడగాలి, గంటన్నరకోసారి లేచి వెనక వంటగది దాకా నడిచి రావాలి. అక్కడ అడిగితే నీళ్లు, పళ్లరసం, బిస్కెట్లు ఎప్పుడైనా ఇస్తారు. ఆ వెనక ఖాళీలో ఏ సమయానికి పోయినా ముగ్గురు నలుగురు తెలుగువాళ్లు నిలబడి ఉంటారు. "మీ అమ్మాయిది ఏ కంపెనీ అండీ?" దగ్గర మొదలై, గ్రీన్‌లాండ్ దాటేసరికి చుట్టరికం తేలుతుంది. చక్కెర మందులు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఏ పూట ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో బయల్దేరకముందే డాక్టరుతో కాగితం మీద రాయించుకోవాలి. "పగలే కదా" అని అదనపు పూట వేసుకుంటే ప్రమాదం.

డాలస్, అదే రోజు సాయంత్రం 4.30

అక్టోబర్ 9నే ఎక్కాం, అక్టోబర్ 9నే దిగాం, అదీ సాయంత్రం. ఇంటి గడియారంలో మాత్రం పదో తారీఖు తెల్లవారుజామున మూడు. శంషాబాద్ నేల వదిలి 23 గంటల 30 నిమిషాలు. చేతి గడియారాన్ని దారిలో ఎక్కడా మార్చకుండా ఇంటి టైములోనే ఉంచితే ఒళ్లు ఎందుకు అలా తూలుతోందో అర్థమవుతుంది. టికెట్ మీద గంటలు ఏ ఊరి టైము ఆ ఊరిదే, వాటిని తీసివేసి ప్రయాణ కాలం కట్టకూడదు.

డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 17,000 ఎకరాల పైచిలుకు. శంషాబాద్ 5,500. విదేశాల నుంచి వచ్చేవాళ్లు దిగేది ఎక్కువగా డీ టెర్మినల్లో. ఇమిగ్రేషన్ అధికారి అడిగేవి నాలుగైదు ముక్కలే: ఎవరింటికి, ఎన్నాళ్లు, ఏం తెచ్చారు, డబ్బెంత. "ఎన్నాళ్లు?" అంటే "ఆరు నెలలు" అని అలవాటుగా అనేస్తారు. రెండు నెలలకు తిరుగు టికెట్ చేతిలో ఉండి ఆరు నెలలంటే ఇంకో పది ప్రశ్నలు పుట్టుకొస్తాయి. తిరుగు టికెట్ తేదీ చెప్పండి, చాలు. ఇంగ్లిష్ రాకపోతే "తెలుగు" అన్న ఒక్కమాట సరిపోతుంది. ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది వీసా మీద ముగింపు తేదీ కాదు, ఐ-94 నమోదు. ఇంటికెళ్లాక ఆన్‌లైన్లో చూసుకోవాలి.

తిండి తెచ్చారా అంటే అవుననండి. "వెజ్ పికిల్, స్వీట్స్, పౌడర్స్" అంటే చాలాసార్లు తల ఊపి పంపేస్తారు. లేదని చెప్పి దొరికితే జరిమానా 300 డాలర్ల దగ్గర మొదలవుతుంది. పెట్టెలు వచ్చే బెల్టు దగ్గర పచ్చ కోటు తొడిగిన చిన్న బీగిల్ కుక్క తిరుగుతుంది. అది మొరగదు, మీద పడదు. అనుమానం వచ్చిన సంచి పక్కన బుద్ధిగా కూర్చుంటుంది. ఎర్రటి సంచి పక్కన అది కూర్చోగానే ఆ సంచిగల అమ్మ "అయ్యో, ఎంత ముద్దుగా ఉందో" అంది. సంచిలోంచి రెండు జామకాయలు, గుప్పెడు కరివేపాకు బయటికొచ్చాయి. ముందే చెప్పి ఉన్నందుకు ఏమీ అనలేదు, చెత్తబుట్టలో వేసి పంపేశారు.

తీసుకెళ్లడానికి వచ్చే పిల్లలకో మాట. ఈ విమానాశ్రయం నడుమనుంచి పోయే రోడ్డుకు రెండు వైపులా టోల్ గేట్లున్నాయి. ఎనిమిది నిమిషాల్లోపే దాటేస్తే దాన్ని అడ్డదారిగా వాడుకున్నట్టు లెక్కగట్టి, కాసేపు ఆగినవాళ్ల కంటే ఎక్కువ తీసుకుంటారు. తొందరపడితే జరిమానా అన్నమాట.

అక్టోబర్ 10–14: ఇర్వింగ్, రాత్రి రెండున్నర

ఒళ్లు రోజుకు గంట చొప్పున సర్దుకుంటుందని లెక్క. పదిన్నర గంటల తేడాకు పది రోజులు. మొదటి నాలుగు రోజులు రాత్రి రెండున్నరకు కళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. డాలస్ పక్కనున్న ఇర్వింగ్, ఫ్రిస్కో ఇళ్లలో ఆ వేళ వంటగదిలో దీపం వెలిగిందంటే ఇండియా నుంచి పెద్దవాళ్లొచ్చారని గుర్తు. పొగ అలారం మోగుతుందేమోనని తాలింపు భయంభయంగా వేస్తారు. ఉప్మా తిని, ఫోను తీస్తే హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఒంటిగంట, అందరూ మాటకు దొరుకుతారు.

టైము కట్టడానికి సుళువు: హైదరాబాద్ టైముకు గంటన్నర కలిపి పగలును రాత్రి చేయండి. అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర అయితే ఇక్కడ తెల్లవారుజామున మూడు. పగలు నిద్రొచ్చినా మధ్యాహ్నం అరగంటకు మించి పడుకోకుండా, సాయంత్రం ఎండలో నడిస్తే ఐదో రోజుకు దారిలో పడతారు.

నడక దగ్గర ఇక్కడి మర్యాద ఒకటుంది. ఎదురొచ్చే ముక్కూమొహం తెలియనివాళ్లు నవ్వి "హౌ ఆర్ యూ" అంటారు. అది ప్రశ్న కాదు, మోకాలి నొప్పి గురించి చెప్పడం మొదలుపెట్టొద్దు. "గుడ్, థ్యాంక్యూ" అని సాగిపోవాలి. ఇర్వింగ్‌లోని థామస్ జెఫర్సన్ పార్కులో 2014లో పెట్టిన ఏడడుగుల గాంధీ కంచు విగ్రహం ఉంది. ఉదయం దాని చుట్టూ తిరిగేవాళ్లలో పంజాబీ డ్రస్సు మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న అత్తగార్లే ఎక్కువ.

బిర్యానీ 16 డాలర్లంటారు. పన్ను 8.25 శాతం, దాని మీద బిల్లు చూపించే తెర 18, 20, 22 శాతం టిప్పు గళ్లు ముందుకు తోస్తుంది. అన్నీ కలిపి 20 డాలర్ల పైనే. రుచికి వంక పెట్టనక్కర్లేదు, కారం మాత్రం అడిగి వేయించుకోవాలి. ఇండియన్ దుకాణంలో కరివేపాకు నాలుగు రెబ్బలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒకటి రెండు డాలర్లకు అమ్ముతారు. కూరగాయలు కొంటే కరివేపాకు కొసరేసే ఊరి నుంచి వచ్చినవాళ్లు దాన్ని తిప్పి తిప్పి చూస్తారు.

అక్టోబర్ 18, శనివారం: ఫెయిర్ పార్కు

టెక్సాస్ స్టేట్ ఫెయిర్ రేపటితో ముగుస్తుంది. కారు తీసి పార్కింగుకు డబ్బు పోయడం కంటే డాలస్ సిటీ రైలు ‘డార్ట్’ నయం, రోజంతా తిరగడానికి 6 డాలర్లు. ఇర్వింగ్ మీదుగా పోయేది ఆరెంజ్ లైను, ఫెయిర్ పార్కుకు పోయేది గ్రీన్ లైను. రెండూ డౌన్‌టౌన్లో ఒకే పట్టాల మీద నడుస్తాయి, అదే తిప్పలకు మూలం. వెస్ట్ ఎండ్ నుంచి పెర్ల్ దాకా నాలుగు స్టేషన్లలో ఎక్కడ దిగి మారినా సరే. పెర్ల్ దాటాక మాత్రం ఆరెంజ్ ఉత్తరానికి తిరిగిపోతుంది. కిటికీలోంచి ఊరు చూస్తూ కూర్చున్న ఒక గుంపు అలాగే పోయి, తర్వాతి స్టేషన్లో దిగి, వెనక్కొచ్చింది. అరగంట దండగ.

లోపల 55 అడుగుల బిగ్ టెక్స్ బొమ్మ, టోపీతో సహా, చెయ్యెత్తి "హౌడీ" అంటుంది. పుల్లకు గుచ్చి మొక్కజొన్న పిండిలో ముంచి వేయించే కార్న్ డాగ్‌లో ఉండేది మాంసం. శాకాహారులకు ఉప్పు చల్లిన మొక్కజొన్న కంకే దిక్కు. జనం, దుమ్ము, మైకు గోల, పిల్లల ఏడుపు. మన నుమాయిష్ ఎరిగినవాళ్లకు ఇక్కడ కొత్తదనమేమీ ఉండదు.

నవంబర్ 2, ఆదివారం

రాత్రి రెండు గంటలప్పుడు గడియారం ఒంటిగంటకు వెనక్కి పోయింది. ఫోన్లు వాటంతటవే మారతాయి, గోడ గడియారం, మైక్రోవేవ్ మారవు. ఈ రోజు నుంచి తేడా పదకొండున్నర గంటలు, అరగంట కలిపి పగలును రాత్రి చేస్తే చాలు. ఖతర్ గడియారం ఎప్పుడూ మారదు. కాబట్టి ఎప్పుడో తీసిన తిరుగు టికెట్ మీద గంటలు ఒకసారి మళ్లీ చూసుకోవాలి.

నవంబర్ 12–14: గాలి వెంట

సాయంత్రం 6.30కి డాలస్ వదిలిన విమానం దోహా చేరడానికి పద్నాలుగున్నర గంటలు. పోయేటప్పుడు పదహారు. దూరం అదే. ముప్ఫై నలభై వేల అడుగుల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే గాలి నది ఒకటుంది, చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. పోయేటప్పుడు దాన్ని తప్పించుకునే దారి వెతుకుతారు, వచ్చేటప్పుడు కోరి దానిలో దూరతారు. సీటు ముందు తెర మీద వేగం చూస్తే తెలుస్తుంది: పోయేటప్పుడు 820 దగ్గర తచ్చాడిన అంకె ఇప్పుడు వెయ్యి దాటి కూర్చుంటుంది. దోహా నుంచి హైదరాబాద్ కూడా నాలుగున్నర కాదు, నాలుగే. అంతా కలిపి గాలిలో రెండు గంటలు మిగులు.

అయినా ఒంటికి ఇదే కష్టం. రాత్రి తొందరగా తెల్లవారుతుంది, వచ్చిన పగలు ఇట్టే కరిగి మళ్లీ చీకటి. 12న ఎక్కితే 13 సాయంత్రం దోహా, 14 తెల్లవారుజామున 2.30కి శంషాబాద్. పదమూడో తారీఖు ఎటుపోయిందో తెలియదు. ఇంటి గడియారం మాత్రం ఇరవై గంటల ముప్ఫై నిమిషాలే అంటుంది.

పెట్టెల్లో ఇప్పుడు బాదంపప్పు, చాక్లెట్లు, విటమిన్ డబ్బాలు. 23 కిలోలు ఇక్కడా 23 కిలోలే. డబ్బు లెక్క కూడా చూద్దాం: రానుపోను టికెట్ 1,20,000 రూపాయలు అనుకుంటే 31,300 కిలోమీటర్లకు కిలోమీటరు నాలుగు రూపాయల లోపు. శంషాబాద్ నుంచి ఇంటికి క్యాబ్ కిలోమీటరుకు పాతిక దాకా పడుతుంది. ఒక్కరే వస్తే పుష్పక్ బస్సు మేలు.

మూడింటికి బెల్టు చుట్టూ మళ్లీ రెండు లోకాలూ కలిశాయి. చక్రాల సూట్‌కేసుల మధ్య ఖాకీ టేపు చుట్టి, నైలాన్ తాడు బిగించిన అట్టపెట్టెలు తిరుగుతున్నాయి. ఒక పెట్టె మీద నల్ల స్కెచ్ పెన్నుతో పేరు, మండలం, జిల్లా. కింద చిన్న అక్షరాలతో "పగులుతది, మెల్లగ". దాని యజమాని రెండు చేతులా ఎత్తి, నేల మీద పెట్టి, చెవి ఆనించి ఊపి చూసుకున్నాడు.